చింతతోపులో పళ్లెం: బ్లాక్ రాజా కోసం ఎర, కెమెరా డైరీ

పూల మీద వాలే సీతాకోకచిలుకల్ని చూడ్డానికి ఈ డైరీ అక్కర్లేదు. ఎండ కాసిన పొద్దున లాల్‌బాగ్‌లో కాసేపు నిలబడితే చాలు. ఇది పూల వైపు చూడనివాటి కోసం. నీడలో ఎండుటాకుల మధ్య కూర్చునే బుష్‌బ్రౌన్‌లు, ఎక్కువగా పొద్దుగూకే వేళ ఎగిరే ఈవెనింగ్ బ్రౌన్, చెట్ల చిటారున తిరుగుతూ కంటికి ఒక్క క్షణం నల్లగా తగిలి మాయమయ్యే బ్లాక్ రాజా. ఇవన్నీ బెంగళూరు చుట్టుపక్కల ఉన్నాయి. అరుదైనవని అనుకుంటాం గానీ, మనం చూసే ఎత్తు, చూసే వేళ వాటివి కావు. వెంటపడితే దొరకవు. వాటికి నచ్చే తిండి పెట్టి, కెమెరాను కదలకుండా నిలబెట్టాలి. ఆ పని ఎలా చేశామో, ఏది పనికి రాలేదో, ఎందుకు మార్చామో కింద వరసగా రాస్తున్నాను. నేరుగా చివరి సెట్టింగులే కావాలంటే ఆఖరి భాగం చూడండి. కానీ మధ్యలో ఉన్న చీమల సంగతి, ఏనుగుల సంగతి దాటెయ్యకండి.

మొదటి దశ: చోటు, హద్దులు

ఆనేకల్ తాలూకాలో, బన్నేరుఘట్ట అడవి అంచుకు దగ్గరగా ఒక తెలుగు కుటుంబం వాళ్ల తోట ఉంది. చింతచెట్లు, మామిడి, గట్టు పొడుగునా వెదురు. తోట పెద్దాయన అనుమతితోనే అన్నీ చేశాం. బన్నేరుఘట్ట 1974 నుంచి జాతీయ ఉద్యానవనం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోయి ఎర పెట్టడం నేరం, పైగా ప్రమాదం.

చింతచెట్లే ఎందుకు? బ్లాక్ రాజా గొంగళి తినేది ప్రధానంగా చింతాకు. కామన్ బారన్ గొంగళి మామిడాకు తింటుంది. బుష్‌బ్రౌన్‌లవి గడ్డి తింటాయి. అంటే ఆ తోటలో మూడు రకాల ఇళ్లూ ఉన్నాయి. చోటు వెతికేవాళ్లు ముందు చెట్లు చూడండి, సీతాకోకల్ని తర్వాత చూడొచ్చు.

వల వాడలేదు. విదేశాల్లో పరిశోధకులు పండు ఎర మీద గొట్టంలాంటి వల వేలాడదీసి పడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో (రక్షిత జాతుల జాబితాల్లో) చాలా సీతాకోకలు ఉన్నాయి. వాటిని పట్టుకోవడం కుదరదు, చచ్చినవాటి రెక్కలు ఏరి దాచుకోవడమూ కుదరదు. కాబట్టి మాది మూతలేని పళ్లెం మాత్రమే. వచ్చేది వస్తుంది, తాగుతుంది, పోతుంది.

రెండో దశ: ఎర

మొదట తేనె నీళ్లు పెట్టాం. తేనెటీగలు, చీమలు తప్ప ఏమీ రాలేదు. బ్లాక్ రాజా, నవాబ్ లాంటి సీతాకోకలు పూల తేనె కోసం తిరిగే రకం కాదు. వాటికి పులిసిన పండు, చెట్టు నుంచి కారే రసం, పేడ కావాలి. ఆ తర్వాత పెట్టిన తాజా అరటిపండు ముక్కలు కూడా దండగే అయ్యాయి. వాసన రావాలంటే ఈస్ట్ పనిచేయాలి, చక్కెర సారాగా మారాలి. దానికి సమయం పడుతుంది.

మాకు కుదిరిన పద్ధతి ఇది:

1. తొక్క నల్లబడిన అరటిపళ్లు ఒక కిలో. చిన్న యాలక్కి రకం కన్నా పెద్ద పచ్చబాళె రకం మేలు, గుజ్జు ఎక్కువ. సాయంత్రం పూట బండివాళ్లు ఊరికే ఇచ్చేస్తారు.
2. బెల్లం 150 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, బ్రెడ్డుకు వాడే ఈస్ట్ ఒక చిటికెడు.
3. తొక్కతో సహా పిసికి, మూత ఉన్న బకెట్లో మూడింట రెండు వంతులకు మించకుండా పోయాలి. మూత బిగించకూడదు. బిగిస్తే గ్యాసు పట్టి మూత లేచిపోతుంది, గోడంతా గుజ్జు.
4. వానాకాలంలో మూడు రోజులు, డిసెంబరు చలిలో నాలుగైదు రోజులు ఉంచాలి.
5. మూత తీయగానే పండు, సారా కలిసిన వాసన రావాలి. వెనిగర్ వాసన వచ్చినా, బూజు పట్టినా పారబోయాలి. పులుపెక్కితే పండు ఈగలు ముసురుకుంటాయి, సీతాకోకలు తగ్గుతాయి.

పులవడానికి బదులు బీరు పోసి చూశాం. మొదటి గంట బాగానే ఉంది. తర్వాత కందిరీగలు వచ్చి పళ్లెం ఆక్రమించుకున్నాయి. మళ్లీ వాడలేదు.

ఎర పలచగా ఉన్నప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడింది. ఒక బుష్‌బ్రౌన్ రసంలో దిగి, ముందుకు వంగి తాగుతూ, కింది రెక్క అంచు పాకంలో తడిపేసుకుంది. లేవబోయింది, లేవలేదు. గడ్డిపోచ అందిస్తే పట్టుకుని పైకొచ్చింది గానీ, ఆ రెక్క ఆరేదాకా ఎగరలేదు. ఆ రోజు నుంచి పళ్లెంలో అరటి తొక్కల్ని లోపలి వైపు పైకి ఉండేలా పరిచి, వాటి మీదే గుజ్జు పెడుతున్నాం. నిలబడడానికి పొడి అంచు తప్పకుండా ఉండాలి. ఈ పని కాపీ చేసేవాళ్లకు ఇదొక్కటి గట్టిగా చెబుతున్నాను.

పళ్లెంలో 150 గ్రాములు చాలు. మార్చి ఎండలో మధ్యాహ్నం ఒంటిగంటకు తూకం వేస్తే 90కి పడిపోయింది, పైన అట్ట కట్టింది. సీతాకోక నోటి గొట్టం దిగదు. పన్నెండు గంటలకు ఒకసారి సిరంజితో 50 మిల్లీలీటర్ల నీళ్లు చల్లితే సాయంత్రం దాకా మెత్తగా ఉంటుంది.

ఖర్చు: పూలకుండీ కింద పెట్టే ప్లేట్లు రెండు 80, నైలాన్ తాడు 60, బెల్లం 35, ఈస్ట్ 25, మూత బకెట్ 180. ఇప్పటికి 380 రూపాయలు.
పళ్లెం మీద జాతులు: బుష్‌బ్రౌన్, కామన్ ఈవెనింగ్ బ్రౌన్. ఇప్పటికి 2.

బుష్‌బ్రౌన్‌ను ఒక్కటిగానే లెక్కపెట్టాను. తోటలో కనీసం రెండు జాతులు ఉండొచ్చు. వానాకాలంలో రెక్క కింద కంటి చుక్కల వరస చూసి వేరు చేయొచ్చు. ఎండు కాలంలో ఆ చుక్కలు సూది మొనంత అయిపోతాయి, ఫోటో చూసి తేల్చలేం. తేలనిదానికి పేరు పెట్టడం కన్నా గుంపు పేరుతో ఆపడం మంచిది.

మూడో దశ: చీమలు, తొండ

పళ్లేన్ని కొమ్మకు వేలాడదీస్తే గంటలోపు తాడు మీదుగా చీమల బారు దిగింది. ఎర్రచీమలు చేరాక సీతాకోక వాలదు. వాలినా కాలు కదిలిస్తూనే ఉంటుంది, నిమిషంలో లేచిపోతుంది.

పనిచేయనివి: తాడుకు ఆముదం పూయడం (దుమ్ము పట్టి మర్నాటికి దారి అయిపోయింది), పసుపు, చీమల మందు గీత. మందు అసలు వాడకూడదు. మనం పిలిచిన అతిథికే అది తగులుతుంది. గ్రీజు కూడా వద్దు, రెక్కకు అంటితే పోదు.

పనిచేసింది నీటి కందకం:

1. లీటరు నీళ్ల సీసా పైభాగం నాలుగు అంగుళాలు కోసి తలకిందులుగా పట్టుకోవాలి.
2. మూతకు చిల్లు పెట్టి తాడు దూర్చి, చిల్లు చుట్టూ రెండు వైపులా ఎం-సీల్ పెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి.
3. గిన్నెలా నిలబడిన ఆ ముక్కలో నీళ్లు పోయాలి. తాడు మీదుగా దిగే చీమ నీళ్ల దగ్గర ఆగిపోతుంది.
4. పళ్లేనికి ఏ ఆకూ, రెమ్మా తగలకుండా చుట్టూ ఒక అడుగు ఖాళీ ఉంచాలి. ఒక్క చింతరెమ్మ గాలికి వంగి తగిలినా అదే వంతెన.

ఆషాఢం గాలికి ఈ నాలుగోది రోజూ సరిచూసుకోవాల్సి వచ్చింది. జూన్, జూలైల్లో ఇక్కడి గాలి ఆగదు. కందకంలో నీళ్లు సగం ఒలికిపోయేవి. గిన్నె ఎత్తు నాలుగు అంగుళాల నుంచి ఆరుకు పెంచాక ఒలకడం ఆగింది.

తొండ సంగతి వేరు. చెట్టు మొదలుకు దగ్గరగా, మనిషి నడుమెత్తున వేలాడదీసిన పళ్లెం దగ్గర ఒక తొండ మకాం వేసింది. ప్లేటు అంచున తెగిన రెక్క ముక్క దొరికింది. గోరంత ముక్క, దాని మీద పసుపు వలయంలో నల్ల చుక్క, మధ్యలో తెల్లటి బొట్టు, చెక్కు చెదరకుండా. వానాకాలపు బుష్‌బ్రౌన్‌కు ఆ చుక్కలు రెక్క అంచున ఉండేది ఇందుకే. దాడి తలకు బదులు అంచుకు తగులుతుంది, ముక్క పోయినా ప్రాణం మిగులుతుంది. ఆ తర్వాత ఫోటోల్లో చూస్తే వచ్చినవాటిలో చాలావాటికి కింది రెక్క అంచు చిరిగే ఉంది.

అయినా మనం ఎర పెట్టి పిలిచి తొండకు అప్పగించడం న్యాయం కాదు. పళ్లేన్ని మొదలు నుంచి మీటరున్నర దూరానికి, పక్క కొమ్మకు మార్చాం. తొండ దూకే దూరం దాటిపోయింది. పళ్లెం మీద మెడ ఎత్తి కూర్చునే గొల్లభామను (మాంటిస్‌ను) కూడా ప్రతి పూటా వెతకండి. ఆకుపచ్చ తాడు మీద అది కనిపించదు. మేము తాడు తెల్లదానికి మార్చాం.

ఖర్చు: ఎం-సీల్ 30. ఇప్పటికి 410.
కొత్తగా: కామన్ బారన్, గ్రేట్ ఎగ్‌ఫ్లై. ఇప్పటికి 4.

నాలుగో దశ: కెమెరా

మనిషి పక్కన నిలబడితే బారన్ రాదు. అందుకని మొదట అడవి జంతువుల కోసం వాడే ట్రెయిల్ కెమెరా ఒకటి అరువు తెచ్చి బిగించాం. ముంగిస వచ్చింది, తోట కుక్క వచ్చింది, కోతులు వచ్చాయి. సీతాకోక ఒక్కటీ లేదు. పళ్లెం మీద అవి ఉన్నాయని దూరం నుంచి బైనాక్యులర్‌లో చూస్తూనే ఉన్నా కెమెరా క్లిక్కుమనలేదు. కారణం అందులోని సెన్సర్. అది ఒంటి వేడికి, చుట్టూ ఉన్న వేడికి ఉండే తేడా కదిలితేనే మేలుకుంటుంది. సీతాకోక ఒళ్లు చిన్నది, దాని వేడి గాలి వేడికి దగ్గరగానే ఉంటుంది. ఎంత మంచి ట్రెయిల్ కెమెరా కొన్నా ఈ పనికి రాదు. డబ్బు పెట్టకండి.

బదులుగా స్క్రీన్ పగిలి మూల పడి ఉన్న పాత ఫోన్‌లో టైమ్‌లాప్స్ (కొన్ని సెకన్లకోసారి తనంతట తానే ఫోటో తీసే పద్ధతి) పెట్టాం. ఇక్కడ కొలతలు ముఖ్యం.

ఫోన్ పళ్లేనికి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు మిల్లీమీటరుకు దాదాపు 5 పిక్సెళ్లు వచ్చాయి. బ్లాక్ రాజాలాంటి పెద్దదానికి అది సరిపోతుంది గానీ, బుష్‌బ్రౌన్ కంటి చుక్క పది పిక్సెళ్ల మసక అవుతుంది. 30కి దించితే 10 పిక్సెళ్లు వచ్చాయి, కానీ ఫోన్ నెత్తి మీద ఉన్నట్టయి బారన్ వాలకుండా చుట్టూ తిరిగి పోయింది. 35 దగ్గర స్థిరపడ్డాం. మిల్లీమీటరుకు 8, 9 పిక్సెళ్లు. అది చాలు.

ఆటోఫోకస్ తప్పకుండా ఆపేయాలి. లేకపోతే ఫోన్ ప్రతిసారీ కింద నేల మీద ఆకుల్ని వెతుక్కుంటుంది. ప్లేటు అంచున ఒక రూపాయి బిళ్ల పెట్టి దాని మీద ఫోకస్ లాక్ చేయండి. తర్వాత రెక్క కొలతకు కూడా ఆ బిళ్ల స్కేలుగా పనికొస్తుంది.

ఫోటోకూ ఫోటోకూ మధ్య ఎంత విరామం? 30 సెకన్లు పెడితే ఇలా వాలి అలా పోయినవి తప్పిపోయాయి. 5 సెకన్లు పెడితే ఒక్క పూటకు 5,400 ఫోటోలు, 16 జీబీ. బుష్‌బ్రౌన్ వాలిందంటే నిమిషాల తరబడి కదలదు, బారన్ కూడా నిమిషం తక్కువ ఉండదు. 10 సెకన్లు సరిపోయాయి. ఉదయం 9 నుంచి 4:30 వరకు 2,700 ఫోటోలు, 8 జీబీ.

పవర్‌బ్యాంకు లెక్క: 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నదాంట్లో మూడో వంతు మార్పిడిలోనే పోతుంది. మిగిలింది సుమారు 24 వాట్ అవర్లు. స్క్రీన్ ఆపితే ఫోన్ 2 వాట్లు లాగుతుంది, ఏడున్నర గంటలకు 15. సరిపోతుంది.

సరిపోనిది వేడి. ఎండ నేరుగా పడితే పదకొండుకల్లా ఫోన్ తనంతట తాను ఆగిపోయింది. ఫోన్ పైన రెండు వేళ్ల ఎత్తున తెల్ల థర్మోకోల్ ముక్క, మధ్యలో గాలి ఆడే ఖాళీ వదిలి కట్టాక మళ్లీ ఆగలేదు. థర్మోకోల్‌ను ఫోన్‌కు ఆనించి కట్టకండి, వేడి లోపలే ఉండిపోతుంది.

2,700 ఫోటోలు ఒక్కొక్కటిగా చూడడం మనుషుల పని కాదు. తేడా ఉన్న ఫోటోల్ని ఏరే ప్రోగ్రామ్ ఒకటి రాసి చూశాను. చింతాకు నీడ కదిలినప్పుడల్లా తేడా ఉందన్నది. దాన్ని పక్కన పెట్టి, ఒక్కో షీటులో 48 చిన్న బొమ్మలు వచ్చేలా పేర్చాను. పూటకు 57 షీట్లు. కన్ను ఈ పనికి భలే పదునైనది, కాఫీ తాగేలోపు అయిపోతుంది. ఎండుటాకు రంగులో రెక్కలు మూసుకున్న ఈవెనింగ్ బ్రౌన్‌ను నేను తొక్క ముక్క అనుకుని దాటేస్తే, మా మేనకోడలు వేలు పెట్టి చూపించింది. “మామయ్యా, ముందు షీటులో ఈ తొక్క లేదు చూడు” అంది. ఆ పిల్ల అన్నదే పద్ధతిగా పెట్టుకున్నాం: ప్రతి షీటునూ ముందు షీటు పక్కన పెట్టి చూడడం.

ఖర్చు: పవర్‌బ్యాంకు 1,100, మెమరీ కార్డు 550, వంగే క్లాంపు 350. ఇప్పటికి 2,410.
కొత్తగా: బారోనెట్, కామన్ పామ్‌ఫ్లై. ఇప్పటికి 6.

ఐదో దశ: కోతులు, ఏనుగులు

కోతులు రెండు వేళల్లో వచ్చేవి, పదకొండు ప్రాంతంలో, మళ్లీ మూడు తర్వాత. పళ్లెం నాకి, క్లాంపు వంచి, ఫోన్ లాగి పడేశాయి. స్క్రీన్ ఎలాగూ పగిలిందే, కెమెరా అద్దం బతికింది. పండు ముక్కలు కనబడితేనే అవి దిగుతున్నాయని ఫోటోల్లో తెలిసింది. ముక్కలు మానేసి గుజ్జు మాత్రమే, అదీ తొక్క మీద పలచగా పూసి పెట్టాక రాకపోకలు బాగా తగ్గాయి. ఫోన్‌ను మట్టి రంగు టిఫిన్ డబ్బాలో పెట్టి, కెమెరాకు మాత్రం చిల్లు చేసి, బైండింగ్ వైరుతో బిగించాం.

ఏనుగుల విషయం ఇంత తేలిక కాదు. బకెట్‌ను రాత్రికి పంపుషెడ్డులో ఉంచుతామని అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు.

“వద్దప్పా. మాగిన పండు వాసన వాటికి శానా దూరం తెలుస్తాది. షెడ్డు గోడ నిలబడదు. మీరు టౌనుకు పోతారు, రాత్రి ఈడ పడుకునేది మేము.”

ఆ మాట మీద నియమాలు రాసుకున్నాం, అడవి అంచున ఎవరు చేసినా ఇవి మార్చకూడదు:

1. ఎర మొత్తం 150 గ్రాములే. తోటలో నిల్వ ఉండకూడదు.
2. సాయంత్రం 4:30కి పళ్లెం దించేయాలి. కడిగిన నీళ్లు కూడా నేల మీద పోయకుండా డబ్బాలో వెనక్కి తేవాలి.
3. తాడుకు అంటిన బెల్లం తుడవాలి.
4. అడవిలో ఏనుగులు ఈ పక్కకు తిరిగాయని ఊళ్లో మాట వినబడితే ఆ వారం ఎర లేదు.

నాలుగో నియమం వల్ల పోయిన వారాలు మాకు నష్టమని అనుకోలేదు. పక్కన పంట ఉంది, మనుషులు ఉన్నారు.

ఖర్చు: టిఫిన్ డబ్బా 120, వైరు 40. ఇప్పటికి 2,570.

ఆరో దశ: పైకి ఎత్తడం

ఇంత చేసినా రాజా జాడ లేదు. చింతచెట్ల పైన నల్లగా ఏదో రివ్వున పోవడం కళ్లారా చూస్తున్నాం, నడుమెత్తు పళ్లెం దగ్గరికి మాత్రం రాదు. ఉష్ణమండల అడవుల్లో పండు తినే సీతాకోకలు ఎత్తును బట్టి విడిపోతాయన్నది చాలా చోట్ల తేలిన విషయం. గోధుమ రంగు రెక్కలవి కిందే ఉంటాయి, రాజాల గుంపు పైన తిరుగుతుంది. కాబట్టి పళ్లేన్నే పైకి తీసుకుపోవాలి.

సన్నటి పురికొసకు ఇసుక సంచి కట్టి కొమ్మ మీదుగా విసిరాం, దాంతో కప్పీ, తాడు పైకి లాగాం. ఎత్తు 6 మీటర్లు. తొలి ప్రయత్నంలో ఫోన్ కొమ్మకు, పళ్లెం తాడుకు. గాలికి పళ్లెం ఊగుతుంటే ఫోన్ నిలబడి చూస్తోంది, సగం ఫోటోల్లో పళ్లెమే లేదు, మిగతావి అలుక్కుపోయాయి.

మార్పు: ఫోన్, పళ్లెం రెండూ ఒకే చట్రంలో. ఎలక్ట్రికల్ పనికి వాడే అర అంగుళం పీవీసీ గొట్టాలతో 45 సెంటీమీటర్ల ఎత్తు చట్రం చేశాం. కింది అడ్డగొట్టాల మీద పళ్లెం, పై గొట్టానికి ఫోన్ డబ్బా. గాలికి చట్రం ఊగినా ఫోన్‌కూ పళ్లేనికీ మధ్య దూరం మారదు. వెనక నేల మసకగా ఉంటుంది, పళ్లెం మీదది స్పష్టంగా ఉంటుంది. పవర్‌బ్యాంకును పైన కాకుండా చట్రం కింద కడితే ఊపు కూడా తగ్గింది. బరువు అంతా కలిపి 1.1 కిలో. చీమల కందకం కప్పీకీ చట్రానికీ మధ్యలో.

పై పళ్లెం మీదికి మొదట వచ్చింది కామన్ నవాబ్. లేత ఆకుపచ్చ పట్టీ, నల్ల అంచు. నాలుగు ఫ్రేముల్లో ఉంది, ఐదోదాంట్లో లేదు.

అక్టోబరు చివర, రెండు రోజుల వాన వెలిసిన పూట, 11:42కి బ్లాక్ రాజా వాలింది. మొదటి ఫ్రేములో రెక్కలు సగం తెరిచి ఉంది: నలుపు, మధ్యలో రెండు రెక్కల మీదుగా సాగిన మీగడ రంగు పట్టీ, కింది రెక్కకు రెండేసి తోకలు. ఎడమ వైపు ఒక తోక మొన విరిగి ఉంది. ఆ గుర్తు వల్లే తర్వాతి ఫ్రేముల్లో అన్నీ ఇదేనని చెప్పగలిగాం. రెండో ఫ్రేము నుంచి రెక్కలు మూసుకుని, గొట్టం తొక్క గాట్లోకి దించి తాగుతోంది. ఒక పండు ఈగల గుంపు దగ్గరికి జరిగినప్పుడు రెక్క ఒక్కసారి విదిలించింది, తర్వాతి ఫ్రేముకు ఈగలు లేవు. 11:49 దాకా ఉంది. 42 ఫ్రేములు. పక్కన ఉన్న రూపాయి బిళ్లతో కొలిస్తే ఒక రెక్క పొడవే బిళ్లకు దాదాపు రెట్టింపు.

పెద్దాయనకు ఫోన్‌లో చూపిస్తే చాలాసేపు చూసి, “ఇది మా చెట్టుదేనా?” అని అడిగాడు. ఆ చెట్టు ఆకు తినే పెరుగుతుందని చెప్పాను. అప్పటి నుంచి కాయ దులిపేటప్పుడు చివర లేత రెమ్మలు విరగకుండా చూడమని కూలీలకు ఆయనే చెబుతున్నాడు.

ఇది ఒక్క తోపు లెక్క. కింద పళ్లెం మీద మాకు రాజా రాలేదు, పై పళ్లెం మీద బుష్‌బ్రౌన్ రాలేదు. ఇంకోచోట వేరుగా ఉండొచ్చు. అందుకే ఎవరైనా చేస్తే ఎత్తు తప్పకుండా రాయండి.

ఖర్చు: గొట్టాలు, వాటిని కలిపే ఎల్బోలు 240, కప్పీ 90, తాడు 220. ఇప్పటికి 3,120.
కొత్తగా: కామన్ నవాబ్, బ్లాక్ రాజా. ఇప్పటికి 8.

ఏడో దశ: సంజె వేళ, ఇంటి వెనక

4:30కి పళ్లెం దించేస్తే ఈవెనింగ్ బ్రౌన్ అసలు వేళ పోయినట్టే. అడవి అంచున ఆ వేళ మనకు పని లేదు కాబట్టి రెండో ప్లేటును జె.పి.నగర్ దగ్గర మా ఇంటి వెనక పెట్టాం. కోయకుండా వదిలేసిన గడ్డి జానెడు పెరిగితే చాలు. బెంగళూరులో సూర్యాస్తమయం డిసెంబరు మొదట్లో ఆరుకు కాస్త ముందు, జూన్ చివర 6:45 దాటాక. అది మొదలు ఓ అరగంట వాటి సమయం. గడియారం చూసి కాదు, ఆ రోజు సూర్యాస్తమయం చూసి మొదలుపెట్టాలి.

ఫోన్ ఆ వెలుతురుకు పనికిరాదు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ రెండు పొరలు కట్టి, కంటి పక్కనే పట్టుకుని చూస్తే వాటి కళ్లు మెరుస్తాయి, అలా దొరుకుతాయి. ఎండు కాలపు రూపంలో ఒకదానికొకటి పోలిక ఉండదు. ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద, ఒకదాని మీద బూజు మచ్చల్లాంటివి. గొంగళిగా ఉన్నప్పుడు తగిలిన వేడీ చలీ ఏ రూపం వస్తుందో నిర్ణయిస్తాయి. అందుకే నవంబరులో వానాకాలపు, ఎండు కాలపు రూపాలు రెండూ ఒకే పళ్లెం మీద కనిపించాయి.

ఖర్చు: సెల్లోఫేన్ 10. ఇప్పటికి 3,130.

ఎనిమిదో దశ: తడి ఇసుక తొట్టి

పండు పళ్లెం జాబితా తోట జాబితా కాదు. బ్లూ టైగర్లు, నిమ్మచెట్టు సీతాకోకలు (లైమ్), పసుపు రకాలు దాని దగ్గరికి రావు. వాటిలో మగవి తడి మట్టి మీద ఉప్పు కోసం గుమిగూడతాయి. ఒక ట్రేలో ఇసుక పోసి, లీటరు నీళ్లకు ఒక చెంచా ఉప్పు కలిపి తడిపాం. ఇసుక మునిగేలా పోస్తే రావు, పైన మెరుపు మాత్రం ఉండాలి. చుట్టుపక్కల నేలంతా తడిగా ఉన్న వానాకాలంలో ఇది దండగ, జనవరి నుంచి పనికొస్తుంది. లైమ్, కామన్ ఎమిగ్రంట్, కామన్ జే, కామన్ గల్ వచ్చాయి. ఇవి వేరే లెక్క, పళ్లెం ఎనిమిదిలో కలపలేదు.

ఖర్చు: ట్రే 120. మొత్తం 3,250.

ఇప్పటి సెట్టింగులు, ఇక ముందు

1. ఎర 150 గ్రాములు, తొక్కల మీద, మూడో రోజుది.
2. ఎత్తులు రెండు: 1 మీటరు, 6 మీటర్లు. ఫోన్ ఒకటే కాబట్టి పూట మార్చి పూట.
3. ఫోన్ దూరం 35 సెంటీమీటర్లు, ఫోకస్ లాక్, 10 సెకన్లకో ఫోటో, 9:00 నుంచి 4:30.
4. ప్రతి పూటకూ రాసేవి: ఎత్తు, ఎర వయసు, వాన, గాలి, కెమెరా నిజంగా నడిచిన గంటలు, వచ్చినవి. ఏమీ రాని పూటను కూడా అంతే వివరంగా రాయాలి. గంటలు రాయని జాబితాలను ఒకదానితో ఒకటి పోల్చలేం.

తేలాల్సింది ఒకటి ఉంది. రాజా ఎర వాసనకు దూరం నుంచి వచ్చిందా, లేక ఎలాగూ ఆ చెట్టు మీదే తిరుగుతూ దారిలో ఉన్న పళ్లెం మీద వాలిందా? దీనికోసం రెండో చట్రం కడుతున్నాం. అందులో తడి తొక్కలు మాత్రమే ఉంటాయి, పులిసిన గుజ్జు ఉండదు. ఒకటి చింతచెట్టు మీద, ఒకటి ముప్పై మీటర్ల అవతల మామిడి మీద, వారం వారం చోట్లు మార్చుకుంటూ. దానికి ఇంకో పాత ఫోన్ కావాలి. ముంగారు తొలి వానలకు చింత చిగురు వేసేటప్పుడు లేత ఆకుల మీద గుడ్ల కోసం, తల మీద నాలుగు కొమ్ములున్న ఆకుపచ్చ గొంగళి కోసం వెతుకుతాం. అది తాను అల్లుకున్న పట్టు పరుపు మీదే కూర్చుని, తిని మళ్లీ అక్కడికే వస్తుంది. కాబట్టి ఒక్కసారి దొరికితే ఆ రెమ్మకు తెల్ల దారం కట్టి రోజూ కొలవొచ్చు. వంగే క్లాంపు ఊరికే పడి ఉంది, ఆ పనికి వాడతాం.